కల్యాణ మండపంలో ఒక కంబం

హనుమకొండ వేయిస్తంభాల గుడికి వచ్చినవాళ్లు ముందు త్రికూటాలయంలోకి పోతారు. దండం పెట్టుకుని, నల్లనంది పక్కన ఫొటో దిగి, ఇంకా టైముంటే మా కల్యాణ మండపం దిక్కు వస్తారు. నేను అక్కడి కంబాల్లో ఒకదాన్ని. ఏ వరసలోదాన్నో చెప్పను. చెప్పినా మీరు పోల్చుకోలేరు, మేమంతా అన్నదమ్ముల పోలికలోనే ఉంటాం.

1163లో కాకతి రుద్రదేవుడు ఈ గుడి కట్టించాడు. శివుడికో గది, విష్ణువుకో గది, సూర్యుడికో గది. రాజుగారి వంశం, గెలిచిన యుద్ధాలు అన్నీ శాసనంలో చెక్కించారు. నన్ను చెక్కినవాడి పేరు మాత్రం అందులో లేదు. ఆ మనిషి నల్లరాయిని లేతు మీద తిప్పినట్టు గుండ్రంగా దింపి, కట్టు మీద కట్టు తీర్చి, అద్దంలా నునుపు చేశాడు. అంత పని చేసి ఊరికే వెళ్లిపోయాడు.

నేను ఒకే రాయినని చూసేవాళ్లు అనుకుంటారు. కాదు. కింద పీఠం వేరు, నడుమ నేను వేరు, దూలాన్ని అందుకునే తలకట్టు వేరు. మా నడుమ సున్నం లేదు. పైవాడి బరువే మమ్మల్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇక అందరి కిందా ఉన్నది ఇసుక. గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దాని మీద గుడిని నిలబెట్టడం కాకతీయుల పద్ధతి. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడిని కూడా ఇట్లాగే కట్టారు. వరంగల్ ఎన్‌ఐటీలో ఆచార్యులుగా పనిచేసిన ఎం. పాండురంగారావు గారు ఈ ఇసుక పునాది గురించి ఊరూరా చెప్పారు. భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక తాను కొంత మింగి, మిగిలిందే మా దాకా రానిస్తుంది. గట్టి బండకు అతికించిన గోడ విరిగిపోయే చోట, మేము కాస్త ఊగి మళ్లీ కుదురుకుంటాం. కాకపోతే ఇసుకకు రెండు షరతులున్నాయి: నాలుగు పక్కలా కట్టుదిట్టంగా ఉండాలి, ఎండిపోకూడదు. ఈ రెండో షరతును కట్టినవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లలో ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో మీరే అడిగి చూడండి.

1323లో ఓరుగల్లు కోట పడింది, రాజ్యం పోయింది. అది పుస్తకాల్లో ఉంది కాబట్టి తొందరగా దాటేస్తాను. నాకు అసలు కష్టం యుద్ధంతో రాలేదు. కింద నేల ఏళ్లకేళ్లు వెంట్రుకవాసి చొప్పున కుంగుతూ వచ్చింది. ఒక పక్క పీఠం దిగితే అటుదిక్కు కంబం ఒరుగుతుంది, అది మోసే దూలం పక్కవాడి మీద పడుతుంది, వాడు ఇంకొకడి మీద. కప్పు రాళ్ల సందుల్లోంచి వాన నీళ్లు దిగేవి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దిక్కున భూమి కదిలింది, తీవ్రత 5.7. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో కిల్లారి ఊరు నేలమట్టమైంది. అప్పటికే ఒరిగి ఉన్నవాడికి అల్లంత దూరపు కుదుపు కూడా దగ్గరిదే.

2006 ప్రాంతంలో భారత పురావస్తు శాఖ వాళ్లు మమ్మల్ని విప్పాలనే నిర్ణయించారు. కూలిపోకముందే విప్పడం మంచిదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. రాయి రాయికీ నంబరు వేశారు. ఏది ఎవరి మీద కూర్చునేదో కాగితం మీద గీసుకున్నారు. ముందు కప్పు, తర్వాత దూలాలు, తర్వాత తలకట్లు, చివరికి మేము. ఎనిమిది వందల ఏళ్లకు పైగా నిలబడ్డ నన్ను గడ్డిలో పడుకోబెట్టారు. మొదటి రోజుల్లో ఆకాశం కొత్తగా అనిపించింది. తర్వాత విసుగు పుట్టింది.

గడువు మీద గడువు వచ్చింది, పోయింది. నేను పడుకున్నప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాను, లేచేసరికి తెలంగాణలో ఉన్నాను. పడుకున్నప్పుడు మాది వరంగల్ జిల్లా, లేచేసరికి హనుమకొండ జిల్లా. ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం మమ్మల్నీ, ఓరుగల్లు కోటనూ, రామప్పనూ కలిపి పేరు పంపారు. 2021 జూలైలో వచ్చింది రామప్ప ఒక్కదానికే. ముక్కలుగా గడ్డిలో పడి ఉన్నవాళ్లకు ఎవరిస్తారు లెండి.

ఆ కాలంలో నాతో మాట్లాడినట్టుగా మాట్లాడిన మనిషి ఒకడున్నాడు. జగిత్యాల దిక్కువాడు. బహ్రెయిన్‌లో నువైద్రాత్ అనే ఊళ్లో ఉండి పని చేస్తాడు. గుడి బయట కొబ్బరికాయల దుకాణం అతని బామ్మర్దిది. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ లోపలికి వచ్చి, నా పక్కన కూర్చునేవాళ్లు.

"ఏందిరా, పోయినసారి గూడ గిట్లనే ఉండె గదా? ఇంకా లేపలేదా?"

"లేపుతరట బావా, వచ్చే ఏడు."

"వచ్చే ఏడని పోయినసారి గూడ అన్నవు."

ఒకసారి అతను గల్ఫ్‌లో భూమి కదిలిన సంగతి చెప్పాడు. 2013 ఏప్రిల్ 9న ఇరాన్‌లో బుషెహ్ర్ దగ్గర భూకంపం వస్తే, సముద్రం ఇవతల బహ్రెయిన్‌లో కూడా జనం బిల్డింగులు దిగి రోడ్డు మీదికి వచ్చారట. ఇంకోసారి తన రూములో ఉండే నేపాలీ సంగతి చెప్పాడు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో కాఠ్‌మాండూలో ధరహరా స్తంభం మొదలు దాకా విరిగింది, కాష్ఠమండపం కుప్పకూలింది. నేపాలీ ఆ రోజంతా ఫోను పట్టుకునే కూర్చున్నాడట. తర్వాత ఆ కాష్ఠమండపం కింద పురావస్తు నిపుణులు తవ్వి చూస్తే, ఏడో శతాబ్దం నాటి పునాది చెక్కుచెదరలేదని తేలింది. నాలుగు పెద్ద కొయ్య స్తంభాల్లో ఒకటి మాత్రం దాని ఆధార రాతిలో సరిగ్గా కూర్చుని లేదు. ఎప్పుడో మరమ్మతు చేసినవాళ్లు పైన నేల పరిచేసి, కింద చూడకుండా వదిలేశారు.

ఆ మాట విన్నాక నా విసుగు కొంత తగ్గింది. పాతవాళ్లు కట్టింది నిలిచింది, మధ్యలో బాగుచేసినవాళ్ల తొందర కూల్చింది. ఆలస్యానికీ జాగ్రత్తకూ తేడా ఉంది, మా విషయంలో రెండూ కలిసే ఉన్నాయి. ఎన్నాళ్లు ఏది నడిచిందో గడ్డిలో పడుకున్న నాకు సరిగ్గానే తెలుసు. దాని గురించి మళ్లీ ఎప్పుడైనా మాట్లాడుకుందాం.

లేపడం మాత్రం బాగా లేపారు. పునాదిని మళ్లీ మొదటినుంచీ కుదిర్చారు. స్థపతులు వచ్చారు. పగిలి పనికిరాని రాళ్ల బదులు కొత్తవి చెక్కారు. క్రేను నన్ను గాలిలోకి ఎత్తినప్పుడు, దారానికి గుండు కట్టి నలువైపుల నుంచీ చూశారు. ఒరుగు లేదని ఒకరు అన్నాక, రెండోవారు చూసి మళ్లీ అన్నాక, అప్పుడు వదిలారు. తలకట్టు వచ్చి నా మీద కూర్చుంది. చాలా కాలం తర్వాత బరువు తెలిసింది. మోయడం తప్ప వేరే పని నేర్చుకోనివాణ్ని, అందుకే ప్రాణం లేచొచ్చింది.

2024 మార్చి 8, శివరాత్రి నాడు మండపాన్ని తెరిచారు. పక్కన నిలబడ్డ కొత్త రాయిని చూసి జనం "ఇది పాతది కాదు" అని వేలు పెట్టి చూపిస్తారు. వాడు ఏమీ అనడు. నాకు మాత్రం వాడంటే గౌరవమే. వాడు రాకపోతే నా మీది దూలానికి రెండో చెయ్యి లేదు. పాత రాయి, కొత్త రాయి కనబడేటట్టే ఉండాలని నా అభిప్రాయం. ఎక్కడ దెబ్బ తగిలిందో చూసేవాళ్లకు తెలియాలి కదా.

అదే ఏడు డిసెంబరు 4న, పొద్దున 7 గంటల 27 నిమిషాలకు, ములుగు జిల్లా మేడారం దిక్కున భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాదు దాకా, విజయవాడ దాకా తెలిసింది. ముందు ఇసుక ఉలిక్కిపడింది, తర్వాత పీఠం, తర్వాత నేను. పైన దూలం ఒకసారి కిర్రుమంది. పక్కన కొత్తవాడికి అది మొదటిసారి. నేను నా తలకట్టును చూసుకున్నాను, వాడు నన్ను చూశాడు. కొన్ని క్షణాలంతే. ఎవరి స్థానంలో వాళ్లం ఉన్నాం.

కాసేపటికి కొబ్బరికాయల బామ్మర్ది ఫోను చెవికి పెట్టుకుని మండపంలోకి ఉరికొచ్చాడు. నువైద్రాత్‌లో అప్పుడు తెల్లవారుజామున అయిదు దాటిందంతే. బావ వీడియో పెట్టమన్నట్టున్నాడు, ఫోను నా దిక్కు తిప్పాడు.

"అన్ని నిలబడ్డయి బావా, ఒక్కటి గూడ ఒరగలే."

"మంచిది. మా ఇంటికాడ ఎట్లున్నదో కనుక్కున్నవా?"

"అక్కకు ఫోన్ చేసిన. వంటింట్ల గోడ చీలిందట."

అవతల బావ కాసేపు మాట్లాడలేదు. ఆ గోడ కట్టి నిండా మూడేళ్లు కాలేదట. తర్వాత మేస్త్రి ఎవరని అడిగాడు.