మీరు దిగింది ఏ సంవత్సరంలో?

లండన్ పక్కనున్న స్లౌలో కొత్తగా దిగిన తెలుగువాడికి మొదటి వారంలో దొరకనిది ఇల్లు, తప్పించుకోలేనిది సలహా. ఫార్న్‌హామ్ రోడ్డు మీద దుకాణంలో కరివేపాకు కోసం చెయ్యి చాపితే చాలు, పక్కన బెండకాయలు విరిచి చూసుకుంటున్నాయన "తెలుగువారా? ఎప్పుడొచ్చారు? ఇల్లెక్కడ? అయ్యయ్యో, అక్కడ తీసుకున్నారా!" అని పరిచయమూ పరామర్శా ఒక్క ఊపిరిలో కానిచ్చేస్తాడు. కీల్ డ్రైవ్‌లోని మందిరానికి వెళ్తే ప్రసాదం లైనులో ముందాయన కౌన్సిల్ ట్యాక్సు గురించి చెబుతాడు. వెనకావిడ ఆయన చెప్పిందంతా తప్పంటుంది. చేతిలో హల్వా చల్లారేలోపు మీకు రెండు సిద్ధాంతాలు, ముగ్గురు ఎస్టేట్ ఏజెంట్ల నంబర్లు వచ్చి ఉంటాయి.

ఇవన్నీ విని విని నాకు అర్థమైందేమిటంటే, వీళ్లలో అబద్ధం చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. అందరిదీ నిజమే. కాకపోతే ఎవరి నిజం వారు విమానం దిగిన ఏటిది. మనిషి హీత్రూలో దిగిన రోజున ఈ దేశం ఎలా కనబడిందో, ఆయన లెక్కలో అది ఇప్పటికీ అలాగే ఉంటుంది. మందు సీసాకి ఉన్నట్టు సలహాకీ గడువు తేదీ ముద్రించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. లేదు కాబట్టి, సలహా వినే ముందు "మీరు దిగింది ఏ సంవత్సరంలోనండీ?" అని మర్యాదగా అడగాలి.

స్థూలంగా మా ఊళ్లో సలహాదారులు మూడు తరాలు. మొదటివారు డాక్టరు గారు. డెబ్బైల్లో గుంటూరులోనో విశాఖలోనో మెడిసిన్ చదివి, ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరి, రిటైరై గులాబీలు పెంచుతున్నారు. రెండోవాడు అన్న. 2002 నుంచి 2008 దాకా నిపుణుల కోసం నడిచిన హెచ్‌ఎస్‌ఎంపీ వీసా మీద వచ్చాడు. ఆ వీసా పోయి ఇన్నేళ్లయినా దాని పాయింట్ల పట్టిక ఆయనకి ఎక్కాల్లా నోటికొచ్చు. మూడోవాడు తమ్ముడు. కోవిడ్ తర్వాత మాస్టర్స్‌కి వచ్చి, ఉద్యోగం వెతుక్కుంటూ, ఆ వెతుకులాటలోనే ఊరంతా కంఠతా పట్టినవాడు.

లండన్‌కి ఎలా వెళ్లాలో ఈ ముగ్గురినీ అడిగి చూడండి. డాక్టరు గారు "ప్యాడింగ్టన్ ఫాస్ట్ రైలెక్కు నాయనా, ఇరవై నిమిషాలు" అంటారు. అన్న "సీజన్ టికెట్ తీసుకో, రోజువారీ కొంటే మునిగిపోతావ్" అంటాడు. వారానికి అయిదు రోజులూ ఆఫీసుకెళ్లిన కాలం మనిషి. తమ్ముడు "ఎలిజబెత్ లైనన్నా, ఎక్కడా మారక్కర్లేదు, కునుకు తీస్తే కెనరీ వార్ఫ్" అంటాడు. అదీ నిజమే. 2022 నవంబరు నుంచి ఊదారంగు రైలు మనల్ని నేరుగా నగరం నడుమకి తీసుకుపోతోంది. నిదానంగా, ప్రతి స్టేషన్‌నీ పలకరించుకుంటూ.

ఈ నిదానానికి చరిత్రలో ఒక కొలబద్ద ఉంది. విక్టోరియా మహారాణి జీవితంలో మొదటిసారి రైలెక్కింది స్లౌలోనే, 1842 జూన్ 13న. విండ్సర్ కోట దాకా అప్పటికింకా పట్టాలు పడలేదు కాబట్టి మహారాణి అంతటిదీ మా ఊరొచ్చి రైలెక్కాల్సి వచ్చింది. ప్యాడింగ్టన్ చేరడానికి ఆమెకి పట్టింది సుమారు 25 నిమిషాలు. నేటి ఎలిజబెత్ లైనుకి అరగంట దాటుతుంది. నూట ఎనభై ఏళ్ల తర్వాత కూడా రాణుల పందెంలో విక్టోరియాదే గెలుపు.

ఇక లండన్ రైళ్లకీ బస్సులకీ వాడే ఆయిస్టర్ కార్డు. లండన్‌లో ఉన్న మేనమామ ప్రేమగా చేతిలో పెట్టి "ఎక్కడికెళ్లినా ఇదొక్కటి చాలురా" అని దీవిస్తాడు. ఆ దీవెన వెస్ట్ డ్రేటన్ దాకానే పనిచేస్తుంది. ఆ తర్వాత ఐవర్, లాంగ్లీ, స్లౌ. ఈ మూడు స్టేషన్లలో దిగాలంటే బ్యాంకు కార్డో ఫోనో తాకించి రావాలి తప్ప ఆయిస్టర్ చెల్లదు. తమాషా ఏమిటంటే, హౌన్స్లో నుంచి స్లౌ దాకా వచ్చే 81 నంబరు ఎర్రబస్సులో అదే కార్డు దర్జాగా చెల్లుతుంది. రైలుకి పరాయి అయిన ఊరు బస్సుకి సొంతం. మా స్టేషన్‌లో ఈ తిరకాసులేవీ చెప్పి బుర్ర తినని పాతకాపు ఒక్కడే, అయిదో నంబరు ప్లాట్‌ఫారం మీద గాజుపెట్టెలో ఉన్న జిమ్ అనే కుక్క. రైల్వే కార్మికుల వితంతువులకీ అనాథలకీ చందాలు పోగుచేసి 1896లో పోయింది. ఈ ఊళ్లో సలహా ఇవ్వకుండా జనానికి ఉపకారం చేసింది అదేనని నా నమ్మకం.

ఉద్యోగం మాటెత్తితే డాక్టరు గారు "ట్రేడింగ్ ఎస్టేట్‌లో గేటు గేటుకీ వెళ్లి అడుగు, సాయంత్రానికి పని" అంటారు. 1920లో మొదలైన ఎస్టేట్ అది. మార్స్ చాక్లెట్ 1932లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ రోజుల్లో గేటు దగ్గర అడిగితే పని దొరికిన మాట వాస్తవం. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద డేటా సెంటర్లు. పొడుగాటి గోడ, దానికో కెమెరా, లోపల లక్షల సర్వర్లు. గేటు దగ్గర నిలబడి అడిగితే కెమెరా మీ వైపు తిరుగుతుంది, అంతే.

ఇక ఇంటి సంగతి. అద్దె ఇంట్లో అసలు యజమాని పొగ అలారం. నూనె కాగుతుంది, ఆవాలు చిటపటలాడతాయి, మినప్పప్పు ఎర్రబడుతుంది, జీలకర్ర పడుతుంది. అంతవరకూ అలారం ఓర్చుకుంటుంది. ఎండుమిర్చి తుంచి వేశారా, ఇల్లు ఎగిరిపోయేలా కూత. ఆవిడ గరిటె వదలకుండా "తలుపు తియ్యండీ!" అని కేక. ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో వింజామర. పిల్లలు చెవులు మూసుకుని దగ్గుతూ మెట్ల మీద. పప్పులో పడాల్సిన పోపు ఈలోగా మాడి నల్లబడుతుంది, దాని పొగకి అలారం మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి అన్న చెప్పే ఉపాయం "దానికో షవర్ క్యాప్ తొడిగెయ్". ఆయన నలుగురు బ్యాచిలర్లతో ఉన్న కాలం నాటి చిట్కా. ఇల్లు తగలబడినా అలారం నిద్రలోనే ఉంటుంది, తనిఖీకి వచ్చిన ఏజెంటు చూశాడంటే అడ్వాన్సుకి నీళ్లొదులుకోవాలి. సరైన మాట డాక్టరు గారి భార్యది. "ముందు కిటికీ, తర్వాత ఫ్యాను, ఆ తర్వాతే మూకుడు. మిరపకాయ స్టవ్ కట్టేశాక వెయ్యమ్మా, ఆ వేడికే వేగుతుంది." ఆవిడ దిగిన సంవత్సరం అడగక్కర్లేదు. పోపుకి కాలదోషం లేదు.

చలికాలం హీటింగ్ విషయంలో మాత్రం ఊరు శైవుల్లా వైష్ణవుల్లా రెండుగా చీలిపోయింది. రోజంతా సన్నగా వెలగనివ్వాలని ఒక వర్గం, పొద్దున గంట, సాయంత్రం గంట చాలని ఇంకో వర్గం. రెండు వర్గాల ఇళ్లలోనూ రేడియేటర్ల మీద బనియన్లు ఆరుతూనే ఉంటాయి, గోడ మూలల్లో బూజు మొలుస్తూనే ఉంటుంది. కంటికి కనబడని వేడికిరణాలు ఉన్నాయని విలియం హెర్షెల్ 1800లో కనిపెట్టింది స్లౌలో కాపురం ఉండగానే. ఇంగ్లండు మబ్బుల కిందే నలభై అడుగుల టెలిస్కోపు కట్టుకుని నక్షత్రాలు చూసిన మహానుభావుడాయన. వేడి కంటికి కనబడదని ఆయన 1800లో తేల్చాడు. ఒంటికీ తగలదని జనవరిలో మా ఇంటికొచ్చిన చుట్టాలు తేలుస్తున్నారు.

ఇంతకీ ఈ ఊళ్లో తెలుగువాళ్లు బట్టీపట్టాల్సిన అంకె ఒకటుంది, 111. హైదరాబాదు వాడికి ఆ అంకె వినగానే జీవో 111, జంట జలాశయాలు, మొయినాబాద్ ప్లాట్ల ధరలు గుర్తొస్తాయి. ఇక్కడ దానికి రెండర్థాలు. ఒకటి, ఒంట్లో బాగోలేనప్పుడు, ప్రాణం మీదికి మాత్రం రానప్పుడు, చెయ్యాల్సిన ఎన్‌హెచ్‌ఎస్ ఫోన్ నంబరు. ప్రాణం మీదికొస్తే 999. రెండోది, పదేళ్ల పిల్లకాయ గ్రామర్ స్కూలు పరీక్షలో తెచ్చుకోవాల్సిన కనీస స్కోరు. మొదటి 111 పిల్లల జ్వరానికి, రెండో 111 తల్లిదండ్రుల జ్వరానికి.

ఈ రెండో జ్వరమే స్లౌలో ఇళ్ల అద్దెల్ని, స్నేహాల్ని, పుట్టినరోజు పార్టీల్ని నడిపిస్తుంది. పక్కనున్న విండ్సర్‌లో రాజుగారి కోట ఉంది. ఈటన్‌లో 1440లో పెట్టిన కాలేజీ ఉంది, ఆస్తులు అమ్ముకోగలిగితే చేరొచ్చు. ఆ చుట్టుపక్కల పైసా ఫీజు లేని గ్రామర్ స్కూలు మాత్రం లేదు. స్లౌలో నాలుగున్నాయి: లాంగ్లీ, అప్టన్ కోర్ట్, హెర్షెల్, సెయింట్ బెర్నార్డ్స్. ఫీజు లేకుండా మంచి చదువు అని తెలిశాక తెలుగువాడు ఆగుతాడా? ఇంటర్మీడియట్‌కి రెసిడెన్షియల్ కాలేజీలు చూసిన జాతి మనది. ఎంసెట్ రాసిన నాన్న, ఎంసెట్ రాయించిన తాత ఇంట్లో ఉండగా ఇంగ్లండు పరీక్ష ఒక లెక్కా?

ఆరో ఏడాది తరగతి మొదలైన సెప్టెంబరులోనే పరీక్ష. అక్టోబరులో ఫలితం. ఆ నెలాఖరులోగా స్కూళ్ల దరఖాస్తు. మార్చి ఒకటిన సీటు కబురు. ఈ క్యాలెండరు డాక్టరు గారికి తెలీదు, ఆయన పిల్లల పిల్లలు కూడా ఆ దశ దాటేశారు. తమ్ముడికి ఇంకా పెళ్లి కాలేదు. కాబట్టి ఈ శాఖకి సర్వాధికారి అన్న, ఆయనకన్నా ముందు వదిన. "మూడో క్లాసు నుంచే మొదలెట్టాలండీ" అంటుంది. ఆవిడ ఆ మాట అనేసరికి మీ అబ్బాయి నాలుగో క్లాసులో ఉంటాడు. "మావాడికేం ట్యూషన్ పెట్టలేదు, వాడే చదువుకున్నాడు" అన్న తల్లి కారులో వెనకసీటు నిండా నాన్-వెర్బల్ రీజనింగ్ పుస్తకాలు కనబడతాయి. ట్యూషన్ మాస్టారి నంబరు మాత్రం ఎవరూ ఇవ్వరు. అది ఆవకాయ కొలతలాంటి రహస్యం.

111 వచ్చినంత మాత్రాన సీటొచ్చినట్టు కాదని ఇంకో మెలిక. అర్హత వచ్చిన పిల్లలు సీట్లకన్నా ఎక్కువైతే ఇంటి దూరాలు, ఒక్కో స్కూలు నియమాలు లెక్కలోకొస్తాయి. అప్పుడు ఆ మూడు ఒకట్లనీ కాగితం మీద చూడండి. సాక్షాత్తూ తిరునామాలు. అవి పెట్టేది దేవుడి నుదుటి మీదో మన నెత్తి మీదో తేలేది మార్చి ఒకటినే.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చే కాలానికి సలహాలు ఇంకో రంగు పులుముకుంటాయి. "నెయ్యి ఎంతైనా తెప్పించుకో" అంటారు డాక్టరు గారు. ఇప్పుడు ఇండియా నుంచి పాలపదార్థాలు, మాంసం సామానులో తేకూడదు. "టెర్మినల్ ముందు ఆపి దింపేసి వచ్చెయ్" అంటాడు అన్న. ఆ దింపుడుకి 2021 నవంబరు నుంచి రుసుము కట్టాలి, అదీ పెరుగుతూ పోతోంది. వీడ్కోలు కౌగిలింతకి కూడా మీటరు పడే కాలం. రాజమండ్రి నుంచి వచ్చే అమ్మ అయితే తప్పకుండా ఒక హార్లిక్స్ డబ్బా పట్టుకొస్తుంది, ధవళేశ్వరం ఫ్యాక్టరీ ఉన్న ఊరు కాబట్టి అది వాళ్ల సొంత సరుకన్న ధీమా. నిజానికి హార్లిక్స్ ఫ్యాక్టరీ ఒకటి 1908లోనే స్లౌలో వెలిసింది. ఇప్పుడది ఫ్లాట్లుగా మారింది. విషయం చెబితే అమ్మ డబ్బా వంక, ఆ ఎర్ర ఇటుకల భవనం వంక మార్చి మార్చి చూసి ఇచ్చే సలహా ఒక్కటే: "అయితే అందులోనే ఒకటి కొనెయ్యరా, పిల్లలకి బలం."

అన్నిటికన్నా పాత సలహా మాత్రం ఊరి బయటివాళ్లది. హారోలోనో ఈస్ట్‌హామ్‌లోనో ఉండే బంధువు "స్లౌలోనా? వేరే ఊరు దొరకలేదా?" అంటాడు. ఆయన ఈ ఊరు చూసి ఉండడు. జాన్ బెట్జెమన్ అనే కవి ఈ ఊరి ఫ్యాక్టరీల మీద కోపంతో దీని మీద బాంబులు పడాలని పద్యం రాసింది 1937లో. దానికి తోడు 2001లో బీబీసీ హాస్య సీరియల్ 'ది ఆఫీస్' వచ్చి మాది విసుగుకి రాజధాని అని చాటేసింది. 2006లో కవిగారి కూతురే ఇక్కడికొచ్చి, నాన్న ఆ పద్యం రాసినందుకు బాధపడ్డాడని మేయరుకి చెప్పి వెళ్లింది. కవి వెనక్కి తీసుకున్న మాటని మన బంధువు ఇంకా ముందుకి మోస్తున్నాడు.

కాబట్టి కొత్తగా వచ్చేవారికి పద్ధతి ఇదీ. వంటకీ తోటకీ డాక్టరు గారి ఇంటికి వెళ్లండి. స్కూళ్లకీ ఇంటి లోనుకీ అన్నని పట్టుకోండి, వీలైతే వదినని. ఫోను, టికెట్లు, వీసా నియమాలకి తమ్ముణ్ణి అడగండి. అవి ఆర్నెల్లకోసారి మారతాయి, తాజాగా దెబ్బతిన్నవాడు వాడే. ముగ్గురిలో ఎవర్నీ నొప్పించకండి, రేపు విమానాశ్రయానికి కారు కావాల్సి వచ్చేది వీళ్లదే. ఇక మూడు తరాలూ ఏకగ్రీవంగా ఒప్పుకునే సలహా ఏదైనా ఉందా అని అడిగితే, ఒక్కటుంది. ఎవరికి వారు మిమ్మల్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెబుతారు: "మిగతా ఇద్దరూ చెప్పింది వినకు."