మేతకూ టికెట్టే!

ఆదివారం వస్తే చాలు, నగరాల శివార్లలోని జంతువుల ఫార్ముల ముందు కార్లే కార్లు. టికెట్టు కొంటే కుందేలును ఒళ్లో పెట్టుకోవచ్చు, మేకపిల్లకు ఆకు తినిపించవచ్చు. ఆకు ధర మళ్లీ వేరు. చేతులు కడుక్కోవడం మాత్రం ఉచితమే. (ఇది మరవకండి, మేక ముద్దొచ్చినా క్రిములు క్రిములే.)

నౌపడ ఉప్పు మడుల పక్కన మేకలు కాసే ముసలాయనకు ఈ సంగతి చెబితే నోరు వెళ్లబెట్టాడు. ‘‘ఏటి బాబూ, మేతేసినోడే డబ్బులిస్తాడేటి? మా మేకలు ఊరోళ్ల పెరళ్లు మేసీసినా మేమెవర్నీ అడగట్లేదు కదేటి!’’

సంక్రాంతికి ఊరొచ్చిన మనవడు కనుమనాడు మామ్మ ఆవుదూడను నిమరబోతే తల్లి శానిటైజర్ సీసాతో పరిగెత్తుకొస్తుంది. అదే పిల్లాడు ఫార్ములో దూడ మూతికి బుగ్గ ఆనిస్తే ఫొటో, ఆపై స్టేటస్!

నౌపడకు దగ్గర్లోనే తేలినీలాపురం. ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు కట్టి, నౌపడ చిత్తడి నేలల్లో చేపలు పట్టుకుంటాయి. పక్షులొస్తే ఊరికి శుభమని జనం నమ్మకం. అక్కడ తాకడం కుదరదు, దూరం నుంచి చూడాల్సిందే. ‘‘ఇంత దూరం వచ్చాం, ఒకదాన్ని కిందికి దింపరా?’’ అని నగరం నాన్న గునుస్తాడు.

మామ్మ మాత్రం కొత్త బేరం పెట్టింది: ‘‘మా సాలలో పేడెత్తడం కూడా ఉంది. సగం టికెట్టుకే ఇస్తాను, రమ్మను!’’