అద్దె ఇంటి వేటలో వినకూడని ఆరు సలహాలు

కోనసీమలో అద్దె ఇల్లు చాలావరకు నోటిమాట మీదే దొరుకుతుంది. అమలాపురం మెడికల్ కాలేజీలో సీటొచ్చిన కుర్రాడికైనా, రాజోలుకు బదిలీ అయిన ఉద్యోగికైనా ఫలానా వీధిలో ఖాళీ ఉందని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఆ కబురుతో పాటు సలహాలూ వస్తాయి. మన మంచి కోరి చెప్పేవే అయినా, వాటిలో కొన్ని వింటే అడ్వాన్సు పోయినట్టే.

1. "మనోళ్ళేనండి, కాయితాలెందుకండి?"

అన్నిటికన్నా ప్రమాదమైన సలహా ఇదే. మీకు తెలిసినాయన మంచివాడే కావచ్చు, కానీ ఆ ఇల్లు అన్నదమ్ముల పంపకాల తగువులోనో, బ్యాంకు అప్పులోనో ఉండొచ్చు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చూపించమనండి. బిల్లు మీది సర్వీసు నంబరు, మీటరు దగ్గర రాసిన నంబరు ఒకటేనా చూసుకోండి. రసీదులో ఒక పేరు, అడ్వాన్సు పుచ్చుకునే మనిషిది ఇంకో పేరు అయితే ఎందుకని అడగండి. చనిపోయిన తండ్రి పేరు మీదే రసీదులు వస్తుండటం మామూలే. ఆ సంగతి అడిగినా చెప్పకపోతే మాత్రం అనుమానించాల్సిందే. ఇచ్చేది పెద్ద మొత్తమైతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) తీయించండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట మూడు చోట్లా ఆ కార్యాలయాలున్నాయి.

2. "ఓనరు కువైట్‌లో ఉన్నారండి. తాళాలు నా దగ్గరే, డబ్బులు నాకిచ్చెయ్యండి."

గల్ఫ్ సంపాదనతో కట్టిన మేడలు కోనసీమలో చాలా ఊళ్ళలో ఉన్నాయి. వాటిని చూసుకునేది బంధువో, పక్కింటివాళ్ళో. తాళం చేతిలో ఉన్నంత మాత్రాన అద్దెకిచ్చే హక్కు రాదు. ఓనరు రాసిచ్చిన పవరాఫ్ అటార్నీ ఉందేమో అడగండి. విదేశంలో రాసినదైతే అక్కడి భారత ఎంబసీ ముద్ర ఉందో లేదో చూడండి. ఓనరుతో వీడియో కాల్లో మాట్లాడండి, ఆ నంబరు మాత్రం తాళాలున్న మనిషి ఇచ్చింది కాకుండా వేరే చుట్టాల దగ్గర తీసుకోండి. అద్దె ఓనరు ఖాతాలోకే వెయ్యండి. ఆయన ప్రవాస భారతీయుడైతే అద్దెలో పన్ను కోసి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్ళ మీదే పడుతుంది, ముందే ఆడిటర్ని కనుక్కోండి.

పెరట్లో కొబ్బరి చెట్లుంటే ఇంకో దారి ఉంది. ఆ చెట్ల కాయలు దింపే మనిషిని పట్టుకుని మాట్లాడండి. దింపు కూలి ఎవరిస్తున్నారు, కాయలు ఎవరింటికి వెళ్తున్నాయి, ఈమధ్య ఎవరైనా వచ్చి గొడవ పడ్డారా అని అడగండి. ఇల్లు నిజంగా ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలిసినంతగా బ్రోకరుకు తెలియదు. దింపు ఎవరిదో అగ్రిమెంటులో కూడా రాయించుకోండి, తర్వాత పేచీలుండవు.

3. "ముందు టోకెన్ కొట్టెయ్యండి, వేరేవాళ్ళు వచ్చేస్తున్నారు."

తొందరపెట్టడమే మోసగాడి మొదటి ఆనవాలు. ఇల్లు కళ్ళతో చూడకుండా, లోపల గదులు తిరగకుండా రూపాయి పంపకండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రావాలనుకుని హైదరాబాదు నుంచి ఫోన్లో గది మాట్లాడుకునేవాళ్ళకూ ఇదే మాట. ఎక్కడిదో ఇంటి ఫొటో పెట్టి అడ్వాన్సు లాగడం తేలిక, అందుకని ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళని పంపి చూపించుకోండి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకూ వల వేస్తారు. ఆర్మీలో పనిచేస్తున్నానని, అడ్వాన్సు పంపుతాను క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమని ఫోన్ చేస్తారు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన పనే లేదు. నొక్కామంటే పోయేది మన డబ్బే.

4. "నెలనెలా అద్దె దండగ. ఒకేసారి మూడు లక్షలిచ్చి ఉండండి, వెళ్ళేటప్పుడు తిరిగిచ్చేస్తారు."

వినడానికి లాభంగానే ఉంటుంది. ఓనరు మాత్రం ఆ మూడు లక్షలు అప్పటికే ఎక్కడో ఖర్చు పెట్టేసి ఉండొచ్చు, అదే ఇంటి మీద ఇంకో ఇద్దరి దగ్గర తీసుకునీ ఉండొచ్చు. డబ్బిచ్చి ఇల్లు స్వాధీనం చేసుకోవడం తాకట్టు కిందికి వస్తుంది. వంద రూపాయలు, ఆపైన సొమ్ముకు అలాంటి తాకట్టు రిజిస్టరైన పత్రం మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతోనే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ వద్దంటే ఆ బేరం వదిలెయ్యండి.

5. "స్టాంపు పేపరు మీద సంతకం పెట్టారు కదా, ఇంకేం భయం?"

స్టాంపు పేపరు ఎవరైనా కొనుక్కోవచ్చు. దాని మీద సంతకం పెట్టినంత మాత్రాన ఇల్లు ఆయనదైపోదు. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె ఒప్పందాన్ని, ఏడాదిలోపుదైనా సరే, రిజిస్టర్ చేయించాలి. 11 నెలలకు రాసుకుంటే ఆ పని ఉండదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒప్పందం ఎన్నాళ్ళకు రాసుకున్నా అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి, సున్నం ఖర్చు ఎవరిది, ఖాళీ చెయ్యాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవన్నీ అందులో ఉండాలి. చేరిన రోజే మీటరు రీడింగు ఫొటో తీసి ఓనరుకు పంపండి.

6. "ఇంత తక్కువ అద్దెకు ఎక్కడ దొరుకుద్దండి? అడ్వాన్సు చేతికిచ్చెయ్యండి, రసీదడిగితే బాగోదు."

అదే వీధిలో మరో రెండిళ్ళ అద్దె ఎంతో కనుక్కోండి. తేడా మరీ ఎక్కువుంటే కారణం లేకుండా ఉండదు. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. నగదు ఇవ్వక తప్పకపోతే తేదీ, మొత్తం, సంతకంతో రసీదు రాయించుకోండి.

ఇన్ని చూసుకున్నా ఆన్‌లైన్లో డబ్బు పోతే, నలుగురూ నవ్వుతారని దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే మోసగాడి ఖాతాలో ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇల్లు చూపించి మోసం చేస్తే దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వండి. మీరు ఊరుకుంటే ఆ ఇంటినే రేపు ఇంకొకరికి చూపిస్తారు.

నిజాయితీగల ఓనరు కాగితాలు అడిగితే చూపిస్తాడు, కోప్పడడు. అడిగినందుకు ఇల్లు ఇవ్వనన్నారా, ఆ ఇల్లు మీకొద్దు.