గిన్నె అడుగు

అట్లాంటాకి ఉత్తరాన ఉన్న డులూత్‌లో కొరియావాళ్లు ఎక్కువ. అంగళ్ల మీదా, చర్చిల మీదా, బ్యాంకుల మీదా వాళ్ల లిపే కనిపిస్తుంది. అక్కడికి దగ్గర్లోని జాన్స్ క్రీక్, కమింగ్‌లలో మనవాళ్లు ఎక్కువ. అందుకే కొరియావాళ్ల హోటళ్లలో తెలుగు వినపడడం కొత్తేమీ కాదు.

ఒక శనివారం పొద్దున పదిన్నరకి నా మిత్రుడు వాళ్లమ్మగారితోపాటు నన్నూ ఒక కాఫీ హోటలుకి తీసుకెళ్లాడు. చిన్న చోటు. ఎనిమిది బల్లలు. కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ల అమ్మాయి. వంటింటి గుమ్మంలో ఎత్తుపీట మీద ఆ అమ్మాయి హల్మొని, అంటే నాయనమ్మ.

అమ్మగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. కొడుకు దగ్గరికి వచ్చి నెలన్నరయింది. ఇంట్లో కుక్కరున్నా ఆవిడ గిన్నెలోనే ఎసరు పెట్టేది. ఒకరోజు అందరి భోజనాలూ అయ్యాక అట్లకాడతో అడుగు గీక్కుంటుంటే కొడుకు చూశాడు. ‘‘ఇక్కడికొచ్చి కూడా ఈ మాడు తినడమేంటమ్మా?’’ అని గిన్నె తీసుకెళ్లి సింకులో పెట్టి నీళ్లు వదిలాడు. తల్లి మీద ప్రేమతోనే. మర్నాటి నుంచి అన్నం కుక్కర్లో వండుతున్నారు.

మిత్రుడికి కాఫీ అంటే ప్రాణం. రుచి చూసేవాళ్లు వందకి ఎనభై మార్కులు, ఆపైన వేస్తేనే స్పెషాల్టీ కాఫీ అంటారని చెప్పాడు. ఆ రోజు గింజలు ఇథియోపియావి. అమ్మాయి కాగితపు గరాటులో పొడి వేసి, దాన్ని త్రాసు మీద పెట్టి, సన్నటి ధారగా వేడినీళ్లు తిప్పి తిప్పి పోసింది. అమ్మగారు ఆ ధారనే చూస్తూ కూర్చుంది.

తినడానికి వచ్చేసరికి చిక్కొచ్చింది. బుల్గోగి మాంసం పెట్టిన ఎగ్స్ బెనెడిక్ట్, కిమ్చి వేసిన ఆమ్లెట్, ఏది చూసినా అమ్మగారు తిననిది ఏదో ఒకటి ఉంది. శనివారం ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. వాళ్ల కిమ్చీలో ఉప్పురొయ్యలు పడతాయి కాబట్టి అదీ కుదరదు. అమ్మాయి లోపలికి వెళ్లి అడిగొచ్చి, పుట్టగొడుగులతో నురుంగ్‌జి చేసిస్తానంది.

రాతిగిన్నె వచ్చింది. ఇంకా చిటపటలాడుతోంది. పక్కనే చిన్న కూజాలో వేడినీళ్లు. ధర 16 డాలర్లు.

‘‘అమ్మా, ఇది చూడు’’ అన్నాడు మిత్రుడు. కొరియన్‌లోనూ తల్లిని ‘ఓమ్మా’ అనే పిలుస్తారు. పీట మీది ముసలావిడ ఇటు తిరిగింది.

మిత్రుడు ఫొటో తీసుకున్నాడు. అంచు దగ్గర పట్టుకున్న బంగారు రంగు పొరని చెంచాతో లేపి, గోచుజాంగ్ కారంలో ముంచి నోట్లో వేసుకున్నాడు. కరకరమని చప్పుడు మాకూ వినపడింది.

‘‘దీని కోసమే ఇంతదూరం వస్తాను. నీళ్లన్నీ ఇగిరాక కూడా పొయ్యి మీదే ఉంచితే అడుగున ఇలా కడుతుంది. కరెంటు కుక్కర్లో మామూలుగా రాదు. వేడి నూరు డిగ్రీలు దాటగానే దాని మీట పడిపోతుంది. కుక్కర్లొచ్చాక కొరియాలో కూడా ఇళ్లల్లో ఇది కరువైంది. ఇప్పుడు పనిగట్టుకుని తయారుచేసి పొట్లాల్లో అమ్ముతున్నారు’’ అన్నాడు. ఈ వివరాలన్నీ నిజమే. తెలుసుకుని తినడం అతని అలవాటు.

అమ్మగారు ఏమీ అనలేదు. గిన్నె తన వైపు జరుపుకుంది. పైనున్న మెత్తటి అన్నం, పుట్టగొడుగులు తీసి మా ఇద్దరి పళ్లేల్లో వడ్డించింది. అడుగున అంటుకున్నది అలాగే ఉంచి, కూజాలోని వేడినీళ్లు అందులో పోసింది. చిటికెడు ఉప్పు వేసింది. మూత పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ వేడినీళ్లు ఎందుకో వచ్చిన వాళ్లకి చెప్పడం ఆమె పని. చాలామంది అవి తాగడానికి అనుకుంటారట.

‘‘మీ అమ్మగారు కొరియాలో ఉన్నారా?’’ అని అడిగింది.

‘‘మా అమ్మ దేశం దాటడం ఇదే మొదలు’’ అన్నాడు మిత్రుడు.

ముసలావిడ పీట దిగి వచ్చింది. అమ్మగారు మూత తీసి, నానిన మెతుకుల్ని చెంచాతో కలిపి, ఆ నీళ్లు తాగుతోంది. ముసలావిడ కాసేపు అదే చూసింది. తర్వాత మిత్రుణ్ణి అడగమని మనవరాలితో ఏదో అంది.

‘‘చిన్నప్పుడు మీ ఇంట్లో అన్నం దేంట్లో వండేవారు?’’

‘‘ఇత్తడి గిన్నెలో. కట్టెల పొయ్యి మీద.’’

‘‘ఎంతమందికి?’’

‘‘ఏడుగురం.’’

‘‘రోజూనా?’’

‘‘రోజూ, రెండు పూటలా.’’

‘‘మరి ఇది మీకు అప్పట్నించీ ఇష్టమేనా?’’

‘‘అబ్బే, అప్పుడు మా ఇంట్లో ఇది ఎక్కడిది? ఈ హోటలుకొచ్చాకే మొదటిసారి తిన్నాను’’ అన్నాడు మిత్రుడు ఉత్సాహంగా.

అమ్మాయి ఆ మాట చెప్పింది. ముసలావిడ ఉప్పు గిన్నెని అమ్మగారి చేతికి అందేలా జరిపింది. మెల్లగా రెండు మాటలు అని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

‘‘ఏమన్నారు?’’ అన్నాడు మిత్రుడు.

అమ్మాయి కాస్త తటపటాయించింది.

‘‘హల్మొని కూడా చిన్నప్పుడు ఇంట్లో ఇది ఎరగదట. మొదటిసారి తిన్నది పదిహేడో ఏట. వాళ్లమ్మ పోయిన మర్నాడు.’’