చేరావా బాబాయిగారు

ప్రతి వంశంలోనూ ఒక చేరావా బాబాయిగారు ఉంటారు. అసలు పేరు ఆధార్ కార్డులో ఏదో ఉంటుంది గానీ ఎవరికీ గుర్తుండదు. కొడుకు హైదరాబాదులో విజయవాడ బస్సెక్కితే ఈయన ఇంట్లో పడక్కుర్చీలోంచే ప్రయాణం మొదలుపెడతారు. చిట్యాల దాటాడా? సూర్యాపేటలో టీకి దిగితే బస్సు వదిలేసి పోలేదు కదా? కోదాడలో ఫోనెందుకు ఎత్తలేదు? కుర్రాడు నిద్రపోయి ఉంటాడన్న కారణం తప్ప మిగతావన్నీ ఆయనకు తడతాయి. తానే ఊరెళ్తే రైలుకు రెండు గంటల ముందు ప్లాట్‌ఫారం మీదుంటారు, అదీ గ్యాస్ కట్టామో లేదోనని ఆటోను ఓసారి వెనక్కి తిప్పించాక. ఆయన తాళం లాగి చూసే తీరు చూస్తే, దొంగ కూడా అంత గట్టిగా లాగడు.

జనం ఆయన్ని పిరికివాడంటారు. నా లెక్కలో ఆయన భయం కన్నా ఊరటకు ఎక్కువ అలవాటుపడ్డ మనిషి. "వచ్చేశాను నాన్నా" అన్న మాట చెవినపడగానే గుండెల మీది కుంపటి దించినట్టుంటుంది. చిక్కంతా అక్కడే. బస్సును చేర్చింది డ్రైవరైతే, ఆ పుణ్యం ఫోన్ల ఖాతాలో జమవుతుంది. ఫోన్ చేయకపోయినా బస్సు చేరుతుందని తెలుసుకునే అవకాశం ఆయన తనకు ఒక్కసారీ ఇచ్చుకోలేదు. భయం నుంచి తప్పుకోగానే కలిగే ఊరటే ఆ తప్పుకోవడాన్ని అలవాటుగా బిగిస్తుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మౌరర్ 1947లోనే వివరించాడు. గ్యాస్ సంగతి ఇంకా విచిత్రం. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే పరిశోధకులు కంప్యూటర్ తెర మీది గ్యాస్ పొయ్యిని విద్యార్థుల చేత పదేపదే కట్టేయించి, కట్టారో లేదో సరిచూసుకునేలా చేశారు. 2003లో వెలువడిన ఫలితం ఇది: జ్ఞాపకం సరిగ్గానే ఉంది, ఆ జ్ఞాపకం మీద నమ్మకమే సన్నగిల్లింది. చూసినకొద్దీ అనుమానం పెరిగిందన్నమాట.

మరి జాగ్రత్త తప్పా అంటారు. కాదు, తాళం ఒకసారి లాగి చూడటం జాగ్రత్తే. జాగ్రత్తకు ఒక ముగింపు ఉంటుంది, ఆందోళనకు మళ్లీ మొదలే. ఫోనెత్తి ఒక్క మాట చెబితే కొడుకు సొమ్మేం పోయిందని ఇంకొకరి వాదన. ఈరోజు కోదాడలో చెప్పిన మాట వచ్చేసారి నందిగామలోనూ చెప్పాల్సివస్తుంది, పోయేది అదీ. అలాగని "ధైర్యంగా ఉండండి" అంటే వచ్చేసే ధైర్యమైతే ఈపాటికే వచ్చేది. చికిత్సలో చేసేది చాలా చిన్న పని: ఐదు ఫోన్లు మూడవుతాయి, మూడు ఒకటవుతుంది. మధ్యలో గుండె దడదడలాడుతున్నా ఊరుకుంటే, ఏమీ జరగలేదన్న సంగతి ఆయనకే అనుభవంలోకి వస్తుంది. అయితే ఆరు నెలలకు పైగా, చాలా రోజులు, అదుపులో లేని ఆందోళన నిద్రనూ పనినీ చెడగొడుతుంటే అది నవ్వుకునే అలవాటు కాదు, వైద్యం ఉన్న జబ్బు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఉచితం. బాబాయిగారికి ఇవ్వండి. చేశారా, చేశారా అని మాత్రం గంటకోసారి ఆయనకు ఫోన్ చేయకండి.