ప్లేటు ఫిరాయించిన సర్కారు

వీడియో ఎంత తీసుకుంటారో తీసుకోండి, మా బండ్ల నంబరు ప్లేట్లు రోజూ మారుస్తూనే ఉంటాం అని అమెరికాలోని ఇలినాయిలో ఒక ఇమిగ్రేషన్ ఏజెంటు కెమెరా ముందే చెప్పేశాడు. అక్కడ మన రవాణా శాఖ పని చూసేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ అలెక్సీ జనూలియస్. ఆయనకు ఒళ్లు మండి, ఎవరైనా సరే ప్లేటు మార్చడం నేరమేనంటూ ఫిర్యాదుల కోసం ‘ప్లేట్ వాచ్’ హాట్‌లైన్ పెట్టాడు. ఈ సంగతి విని అమెరికన్లు నోరెళ్లబెట్టారేమో గానీ హైదరాబాదీలకు ఆ అవసరం లేదు. మలక్‌పేట నుంచి మియాపూర్ దాకా ఏ సిగ్నల్ దగ్గర నిలబడ్డా ఈ విద్యలో ఆరితేరినవాళ్లు నలుగురైనా కనిపిస్తారు. వెనక ప్లేటును పైకి మడిచినవాడు ఒకడు. చివరి రెండంకెలకు కరోనా నాటి మాస్కు తొడిగినవాడు ఇంకొకడు. ఒకడు 8ని గీకి 3 చేస్తాడు, మరొకడు వెనక కూర్చున్న దోస్తు అరచేతినే మూతగా వాడతాడు. చలానా ఎగ్గొట్టడానికి మన కుర్రాళ్లు గల్లీల్లో కనిపెట్టిన కళను అగ్రరాజ్యం అంతర్గత భద్రత కోసం వాడుకుంటోంది. రాయల్టీ అడగడంలో తప్పేమీ లేదు.

రాయల్టీ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఉద్యోగాలైనా ఇవ్వాలి. అక్కడ దొరకని నైపుణ్యం ఉన్నవాళ్లనే రప్పించుకోవాలని కదా, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. అప్పటి లెక్కన సుమారు 88 లక్షల రూపాయలు పోసి జావా కోడ్ రాసేవాణ్ని ఎవరు తెచ్చుకుంటారు? ప్లేట్ల నిపుణుణ్ని తెచ్చుకుంటే గిట్టుబాటవుతుంది. అనుభవ ధ్రువపత్రానికి కొదవ లేదు. ప్లేటు మార్చినందుకు మన పోలీసులు పెట్టిన చీటింగ్ కేసు ఎఫ్ఐఆర్ కాపీ జత చేస్తే సరిపోతుంది. పైగా మనవాడు చదివింది కష్టమైన సిలబస్. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. దానికి అశోకచక్రం హాలోగ్రాం, లేజర్‌తో చెక్కిన సీరియల్ నంబరు, విరగ్గొడితే తప్ప ఊడని స్నాప్ లాక్ ఉంటాయి. అలాంటిదాన్ని లొంగదీసినవాడికి స్క్రూలతో బిగించిన అమెరికా ప్లేటు ఒక లెక్కా? ఇబ్బందల్లా ఒక్కటే. ఇలినాయిలో ముందొకటి, వెనకొకటి ఉండాలి కాబట్టి రోజూ రెండేసి మార్చాలి. దానికి ఓవర్‌టైం అడగొచ్చు.

ఉద్యోగంలో చేరాక మన నిపుణుడు ముందుగా పాత బండ్ల రికార్డులు తిరగేస్తాడు. తిరగేసి నవ్వుకుంటాడు. పైకి గుర్తులు కనపడని పోలీసు కారు అమెరికాకు కొత్త కాదు. 2011లో తయారీ ఆగిపోయేదాకా ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా దీనికి ఆస్థాన వాహనం. తర్వాత డాడ్జ్ చార్జర్, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, షెవ్రొలే టాహో వచ్చాయి. టాపు మీది లైట్ల బార్ పీకేసి, ఎరుపు నీలం లైట్లను గ్రిల్ లోపల, వెనకద్దం చాటున అమర్చేవారు. తలుపుల మీద రాతలు ఉండేవి కావు. ఇంత చేసి, డ్రైవరు పక్కన స్పాట్‌లైటు, నల్లటి స్టీలు చక్రాలు, డిక్కీ మీద యాంటెన్నా, ఎదుటి బండిని నెట్టడానికి ముందుభాగంలో ఇనప చట్రం మాత్రం అలాగే వదిలేసేవారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లాడు కూడా అద్దంలో చూసి పోల్చుకుని వేగం తగ్గించేవాడు. ఇంకొన్ని శాఖలవాళ్లు బండి రంగులోనే అక్షరాలు అంటిస్తారు. మామూలుగా చూస్తే ఏమీ ఉండదు, వెలుతురు పడితే ‘పోలీస్’ అని మెరుస్తుంది. అంటే దాపరికానికి ఒక హద్దు ఉండేది. వెంటాడేటప్పుడు తెలియకపోయినా, ఆపేటప్పుడు ఆపింది ఎవరో తెలిసేది. మన నిపుణుడికి ఇదంతా చేతకాని పనిలా కనిపిస్తుంది. ఇప్పటి పద్ధతే నచ్చుతుంది: పిల్లల్ని బడికి దింపే వ్యాన్ల లాంటివి, నల్లద్దాల ఎస్‌యూవీలు, వాటికి పూటకో ప్లేటు. 2025 ఆగస్టులో అమెరికా ఇమిగ్రేషన్ అమలు సంస్థ ఐస్ ముదురు నీలం బండ్లకు ఎర్ర చార వేసి, బంగారు అక్షరాలు రాసి, వెనకవైపు ప్రెసిడెంట్ ట్రంప్ పేరు పెట్టి వీడియోలో ఊరేగించింది. ప్రచారానికి తిప్పే బండి మీద దేశాధ్యక్షుడి పేరు, మనుషుల్ని ఎక్కించుకుపోయే బండి మీద ఏ రోజుకారోజు మారిపోయే అంకెలు. ఇంతటి బుర్ర మనకు లేకపోయిందే అని మనవాడు హెల్మెట్ తీసి దణ్ణం పెడతాడు, పెట్టుకునే అలవాటుంటే.

ప్రాణాలకు తెగించి పనిచేసేవాళ్లను పట్టుకుని వేళాకోళమా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. సిబ్బంది ముసుగుల మీద విమర్శలొచ్చినప్పుడు ఐస్ అప్పటి తాత్కాలిక డైరెక్టర్ టాడ్ లయన్స్ 2025 జూన్‌లో ఇచ్చిన జవాబూ ఇదే: జనానికి నచ్చలేదని తన మనుషుల్నీ వాళ్ల కుటుంబాల్నీ ప్రమాదంలోకి నెట్టనని. మాదకద్రవ్యాల ముఠాను నెలల తరబడి గమనించేవాడు పోలీసు జీపులో వెళ్లి కూర్చోలేడు, నిజమే. అందుకే ఫెడరల్ నిబంధనలు దర్యాప్తు, నిఘా బండ్లకు ప్రభుత్వ ప్లేటు నుంచి మినహాయింపు ఇస్తున్నాయి. దానితో పేచీ లేదు. కానీ నిఘా వేరు, అరెస్టు వేరు. నిఘా గుట్టుగా జరగాలి. అరెస్టు చేసే క్షణంలో ఆ గుట్టు అక్కర ఎలాగూ తీరిపోతుంది. ఇక ప్లేటు చూసి ఇంటిమీదికి వస్తారన్న భయం సంగతి. కారు నంబరు పట్టుకుని మనిషి ఇల్లు కనుక్కునే దారిని అమెరికా 1994లోనే మూసింది. రవాణా శాఖ దగ్గరున్న వ్యక్తిగత వివరాలను ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకుండా డ్రైవర్స్ ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చింది. పైగా ప్రభుత్వ వాహనం నంబరు ఏజెంటు ఇంటికి కాదు, ఆఫీసుకు దారి చూపిస్తుంది. రేపు ఒక లాయరు కోర్టులో నిలబడి ఫలానా బండిలో ఫలానా టైముకు తీసుకెళ్లారని చెప్పడానికి మిగిలే ఆధారం ఆ ప్లేటు. రోజూ మార్చేది దాన్ని. మన చలానా నిపుణుడిది కూడా సరిగ్గా ఇదే ఉద్దేశం కదా: బండి దొరకొచ్చు, తాను మాత్రం దొరకకూడదు.

ఇంతకీ ఈ ప్లేట్లు మార్చే రోడ్ల మీదే మనవాళ్లూ తిరుగుతున్నారు. షికాగో చుట్టుపక్కల నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్‌లలో తెలుగువాళ్లు దండిగా ఉన్నారు. పద్దెనిమిదేళ్లు దాటిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. పాతదే, 2025 ఏప్రిల్ నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. పాల ప్యాకెట్‌కు వెళ్లినా జేబులో కాగితం ఉండాలి, లేకపోతే నేరం. ఆ కాగితం అడిగేవాడి మొహానికి ముసుగు ఉండొచ్చు, చొక్కా మీద పేరు లేకపోవచ్చు, బండి నంబరు నిన్నటిది కాకపోవచ్చు. 2025 మార్చి 25న మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థిని ఒకామె ఇఫ్తార్‌కు బయల్దేరింది. మామూలు బట్టల్లో ఉన్నవాళ్లు చుట్టుముట్టి, ఫోన్ లాక్కుని, ముసుగులు పైకి లాక్కుని, గుర్తుల్లేని కారెక్కించారు. మీరు పోలీసుల్లా లేరు, మొహాలెందుకు దాస్తున్నారని దారినపోయే మనిషి అడగడం వీడియోలో వినిపిస్తుంది. ఆమె ఎక్కడుందో లాయరుకు తెలియడానికి దాదాపు ఒక రోజు పట్టింది. అప్పటికే లూసియానా చేర్చారు. ఆమె మీద ఏ నేరారోపణా లేదు. ప్లేట్ల పనికి మనం పంపాలనుకున్న కుర్రాడు మహా అయితే సర్కారుకు వెయ్యి రూపాయలు ఎగ్గొడతాడు, దానికే అతని మీద చీటింగ్ కేసు. ఆడపిల్లను ఎవరు తీసుకెళ్లారన్న ఆనవాలే లేకుండా చేస్తే ఏ కేసు పెట్టాలి? హాట్‌లైన్‌కు ఫోన్ చేస్తే సరిపోతుందా?

ఇక వెటకారం చాలు. 2025 జూన్ 14న మిన్నెసోటాలో ఒకడు పోలీసు వేషం వేసుకుని, మెరిసే లైట్లు బిగించిన ఎస్‌యూవీలో వచ్చి, ఆ రాష్ట్ర శాసనసభ మాజీ స్పీకర్ మెలిస్సా హార్ట్‌మన్‌నూ ఆమె భర్తనూ ఇంట్లోనే కాల్చి చంపాడు. ఆ బండి ప్లేటు మీద ‘పోలీస్’ అని రాసి ఉందని అభియోగపత్రం చెబుతోంది. దొంగ పోలీసు తాను పోలీసునని చాటుకుంటుంటే, అసలు పోలీసు ఆ మాట చెప్పడం మానేశాడు. తలుపు తట్టింది ఎవరో నిర్ధారించుకోవడం ఇప్పుడు ఎవరి తరం? అడిగి చూసుకునే హక్కు ఒక్కటే జనానికి రక్ష. ఆ హక్కును హంతకుడు ఒకవైపు నుంచి, ప్రభుత్వం ఇంకోవైపు నుంచి నరికేశారు. మనం గుండెలు చరుచుకునేదేమీ లేదు. అరెస్టు చేసేవాడి పేరు, హోదా స్పష్టంగా కనపడాలని మన సుప్రీంకోర్టు 1996లో డీకే బసు కేసులోనే చెప్పింది, తర్వాత చట్టంలోనూ చేరింది. సివిల్ డ్రెస్సులో, నంబరు లేని బండిలో వచ్చి మనిషిని తీసుకుపోయారన్న ఫిర్యాదులు మాత్రం ఇక్కడ ఈనాటికీ ఆగలేదు. ఇలినాయిలోనైనా ఇల్లందులోనైనా అడగాల్సింది ఒకటే. మనిషి భుజం మీద చెయ్యి వేసే అధికారం జనం ఇచ్చింది. తనెవరో చెప్పడానికి ఇష్టపడనివాడికి ఆ అధికారం లేదు. అలాంటివాణ్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి, అతనికి ఆ స్క్రూడ్రైవర్ ఇచ్చిన పై అధికారిని పేరు పెట్టి పిలిచి కోర్టు బోనెక్కించాలి.