దారి మీదే, తిట్లు మావే!

స్టీవ్ జాక్సన్, ఇయాన్ లివింగ్‌స్టన్ 1982లో రాసిన 'ది వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్' అనే, పాఠకుడే దారి ఎంచుకుంటూ చదివే ఆటపుస్తకంలో 400 భాగాలు. దారి తప్పితే చావే. అదే జాక్సన్ రాసిన 'సోర్సరీ!'ని ఇంకిల్ సంస్థ 2013లో ఆటగా ఫోన్లోకి తెచ్చాక ఆ భయమూ పోయింది. వెనక్కెళ్లి మళ్లీ ఎంచుకోవచ్చు. (ఈ వసతి లేకే పాపం, విక్రమార్కుడు శవాన్ని ప్రతిసారీ చెట్టు దగ్గర్నుంచి మోశాడు.)

అయినా హైటెక్ సిటీ వీరుడికి ఈ ఆట ఆనలేదు. "చదవడమెక్కువ, ఆడటం తక్కువ. పైగా ఎటెళ్లినా ఒక్కచోటికే చేరుస్తున్నాడు!" అని సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ కూడలిలో, క్యాబ్ వెనక సీట్లోంచి తీర్పు.

"ఫ్లైఓవర్ ఎక్కాల్నా, కిందికెళ్లి పోవాల్నా సార్?" అన్నాడు డ్రైవర్.

"మీ ఇష్టం అన్నా."

"ఎట్ల పోయినా గంటే సార్."

రెండు స్టార్లే పడ్డాయి. ఆటకి లెండి!